ఇమడని పేరు

స్పూల్ లేక్, ఉత్తర ఒంటారియో
అక్టోబరు, 2007

వాటర్లూ మహాపట్టణంలో కంప్యూటర్ల మధ్య వెలిగిపోతున్న మా ఐలా పిల్లకు,

రీనో బాబాయ్ రాయునది ఏమనగా, నేను బతికే ఉన్నాను. నాతో ఇన్నేళ్లు కాపురం చేసి కూడా మీ పిన్ని బతికే ఉంది. నువ్వు ఫోను ఎత్తడం మానేశావు కాబట్టి ఉత్తరం. ఉత్తరమైతే చించిపారేయడానికైనా ఒకసారి చేతిలోకి తీసుకోవాలి కదా.

మొదట మంచి కబురు. చెరువు అంచున మంచు పట్టింది. పక్కింటి పెకా మోటారు పడవ ఇంకా నీళ్లలోనే ఉంది, తీయమని నేను చెప్పలేదు. పొద్దున్నే వాడు గొడ్డలి పట్టుకుని పడవ చుట్టూ మంచు కొడుతూంటే కాఫీ తాగుతూ కిటికీలోంచి చూడటం ఈ వయసులో నాకు మిగిలిన వినోదం.

ఇక రెండోది. ఎఫ్రాయిమ్ నకోచీ పోయాడు. నీకు గుర్తుండే ఉంటాడు. గనిలో ఇంకా ఎవరు కింద ఉన్నారో చూపించే నీ బోర్డు బిగించడానికి నువ్వు వచ్చినప్పుడు నీ వైర్ల పెట్టె మోసుకొచ్చి, ఇందులో రాళ్లున్నాయా అని అడిగాడే, ఆ క్రీ తెగ ఆదివాసీ మనిషి. పంపుల పని చేసేవాడు. జేమ్స్ బే తీరం నుంచి వచ్చి మాతో పదేళ్లు ఉన్నాడు. షిఫ్టు అయ్యాక పైనుంచి బటన్ నొక్కి కింద రాయి పేలుస్తారు కదా. అందరూ పైకి వచ్చారని నీ బోర్డు పచ్చగా చూపించింది. షిఫ్టు బాసు టెస్సియర్ బటన్ నొక్కాడు. ఎఫ్రాయిమ్ కిందే ఉన్నాడు. పంపు మొరాయిస్తే ఆగిపోయాడు.

ఒక్కటే అడుగుతాను. ఇత్తడి బిళ్ళల కాలంలో దిగేవాడు తన బిళ్ళ మేకుకు తగిలించేవాడు, పైకి వచ్చి తీసుకునేవాడు. మేకుకు బిళ్ళ వేలాడుతూంటే గుడ్డివాడు కూడా తడిమి చెప్పేవాడు, ఇంకా ఒకడు కింద ఉన్నాడని. మేకులు పీకించి నీ స్క్రీను పెట్టించారు. నీ స్క్రీను తప్పు చెప్పగలదా?

ఈమెయిల్ రాయొద్దు. గనిలో మావి చదువుతున్నారు.

నీ బాబాయ్
రీనో

•

వాటర్లూ
అక్టోబరు చివర

బాబాయ్,

ఉత్తరం అందింది. ఎఫ్రాయిమ్ గుర్తున్నాడు. రాళ్లు కావయ్యా, నా బతుకు అంటే, అయితే ఇంకా బరువుండాలే అన్నాడు.

మా కంపెనీ కూడా నా ఈమెయిల్ చదువుతుంది. కాబట్టి కాగితమే మంచిది.

నువ్వు అడిగినదానికి సూటిగా చెబుతున్నాను. బోర్డులో తప్పు లేదు. పని చాలా చిన్నది. కిందికి దిగేవాడు నువ్వు చూసుకునే బిళ్ళల గదిలో, మిషన్‌కు తన ఎలక్ట్రానిక్ బిళ్ళ ఆనిస్తాడు. వాడి పేరుతో ఒక ఖాళీ ఫైలు పుడుతుంది. పైకి వచ్చి మళ్లీ ఆనిస్తే ఆ ఫైలు పోతుంది. నా ప్రోగ్రాం చేసేదల్లా ఆ ఫోల్డరు తెరిచి, అందులో ఉన్న పేర్లు ఒక్కొక్కటే చదివి, స్క్రీను మీద ఎర్రగా వేయడం. ఒక్క పేరూ లేకపోతే పచ్చ.

పేర్లు పొడుగైతే పగులుతుందని నువ్వే కదా పందెం కట్టావు? ఫిన్లండ్ నుంచి ఓడ దిగిన మన ముత్తాతలందరినీ కలిపి, చివర 'అందగాడు' అని తగిలించి, స్క్రీను నిండేలా ఒక బిళ్ళ చేశావు. చక్కగా చూపించింది. ఎంత పొడుగు పేరుకైనా చోటు ఉంచాను బాబాయ్. మిషన్‌ను అడిగి, అది చెప్పినంత ఉంచాను. ఊహించి పెట్టలేదు.

బిళ్ళ ఆనించడం మరిచిపోయి దిగాడేమో. అలసిన మనిషి. దయచేసి ఎఫ్రాయిమ్ ఇల్లాలికి నా తరఫున ఏదైనా చెప్పు. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఐలా

•

స్పూల్ లేక్
నవంబరు

ఐలా పిల్లా,

మరిచిపోయాడట! గని ఆఫీసువాళ్లూ అదే మాట అంటున్నారు. నువ్వూ వాళ్లూ ఒకే కాగితం పంచుకున్నట్టున్నారు. 'మృతుడు నిబంధన ఉల్లంఘించి బిళ్ళ లేకుండా దిగెను' అని గేటు దగ్గర అంటించారు. చనిపోయినవాడు వచ్చి కాదనడు కదా. ఫోల్డరు రోజూ అర్ధరాత్రి తుడిచేస్తారట. అందులో ఏముందో చూపించడానికి లేదు.

కానీ నేను చూశాను. బిళ్ళల గది నాది. ఆ పొద్దున ఎఫ్రాయిమ్ పళ్లన్నీ బయటపెట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"రీనో, లే అక్కణ్ణుంచి. నీ కుర్చీ కావాలి."

"నువ్వు పేలాలు అమ్ముకునే దుకాణం కాదురా ఇది."

"ఆడపిల్ల పుట్టింది. పేరెక్కించాలి."

మా ఆచారం నీకు తెలుసు. ఇత్తడి కాలం నుంచీ ఉన్నదే. బిడ్డ పుడితే తండ్రి తన బిళ్ళ వెనక సుత్తితో ఆ పేరు కొట్టించుకుంటాడు, అప్పుడే మళ్లీ గనిలోకి దిగుతాడు. లేకపోతే అపశకునం. స్క్రీను వచ్చాక టైపు చేస్తున్నారు, అంతే తేడా. మిగతా క్రీ వాళ్లు ఇంగ్లీషు అక్షరాలే కొడతారు. ఎఫ్రాయిమ్ ఒక్కడే వాళ్ల క్రీ లిపి అక్షరాలు కావాలన్నాడు. నా కీబోర్డు మీటల మీద చిన్న చిన్న చీటీలు అంటించి, తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, వాళ్ల నది పేరు, ఇద్దరు మగపిల్లల పేర్లు ఎప్పుడో ఎక్కించాడు. ఆ పొద్దున మూడో బిడ్డ పేరు కలిపాడు. ఒక్కో అక్షరానికీ వంగి వెతుక్కుంటూ కొట్టాడు. నేను పక్కన నిలబడి, నది పేరు తీసేయరా, పిల్లకు చోటొస్తుంది అన్నాను. నది ఎక్కడికి పోతుందిరా ముసలోడా అన్నాడు. తర్వాత బిళ్ళ ఆనించాడు. మిషన్ కీచుమంది. నా చెవులతో విన్నాను.

ఇదే వెళ్లి ఆఫీసులో చెప్పాను. ఒకడు నవ్వు ఆపుకోలేక కాఫీ ఒంటి మీద పోసుకున్నాడు.

"రీనో, కిందటేడు దుప్పికి బిళ్ళ చేసి, దుప్పి కింద ఉందని బోర్డు మీద పెట్టింది నువ్వే కదా?"

నేనే. రక్షక దళం దీపాలు పట్టుకుని దిగింది కూడాను.

"మరి నీ మాట ఎవరు నమ్మాలి?"

చూశావా. ఇన్నేళ్లు నవ్వించిన నోరు, ఒక్క నిజం చెప్పబోతే పనికి రాకుండా పోయింది. నీ మాట నమ్ముతారు. ఇంకోసారి చూడు.

రీనో

•

వాటర్లూ
డిసెంబరు

రీనో గారికి,

మరణ విచారణ వసంతకాలంలో జరగబోతున్నందున, ఈ విషయమై గని ఉద్యోగులతో ఎటువంటి ఉత్తర ప్రత్యుత్తరాలూ జరపరాదని మా కంపెనీ లాయరు సూచించారు. దయచేసి గమనించగలరు. పిన్నికి క్రిస్మస్ శుభాకాంక్షలు.

ఐలా కల్లుంకి

•

స్పూల్ లేక్
జనవరి

మహారాజశ్రీ ఐలా కల్లుంకి గారి దివ్య సముఖమునకు,

తమరు పంపిన తాఖీదు అందినది. దానిని ఆవిరి స్నానం పొయ్యిలో వేయగా మంచి వేడి ఇచ్చినది. నీకు నడక నేర్పించినప్పుడు నన్ను 'గారు' అన్న గుర్తు లేదు. నా మీసం పట్టుకుని వేలాడేదానివి.

కోపం తీరింది. ఇప్పుడు విను.

ఎఫ్రాయిమ్ ఇంటికి వెళ్లాను. మీ పిన్ని ఏలకుల రొట్టె కట్టిచ్చింది. వాడి భార్య బెర్నడెట్ తలుపు సగమే తెరిచింది. ఇంట్లో పెద్దపిల్లవాడు బడి మానేశాడు. మీ నాన్న తాగి దిగాడట కదా, బిళ్ళ కూడా మరిచాడట కదా అని బడిలో అన్నారట. కంపెనీ తాగాడని రాయలేదు. ఊరు కలుపుకుంది. బిళ్ళ మరిచినవాడు తాగే ఉంటాడని, క్రీ వాడు కదా అని, ఇంకేం కావాలి ఈ ఊరికి.

"నువ్వు చూశావా, ఆనించడం?" అంది.

"చూశాను."

"దుప్పిని చూసినట్టా?"

రొట్టె మూట ఆవిడ చేతిలో పెట్టాను పిల్లా.

ఆవిడ నమ్మిందో లేదో కానీ, నీ గురించి చెప్పాక లోపలికి పోయి బిళ్ళ మీది పేరంతా ఒక కాగితం మీద రాసి తెచ్చింది. అచ్చం వాడు టైపు చేసిన వరసలోనే. ఇదిగో, ఈ కవరులో పెడుతున్నాను. నాకు ఒక్క అక్షరం రాదు. మొలకల్లా, గుడారాల్లా ఉన్నాయి.

టెస్సియర్ ఇల్లు దాటి రావడం లేదు. పచ్చగానే ఉంది, పచ్చగానే ఉంది అని అదే మాట.

నీ లాయరు రాయొద్దన్నాడు. చూడొద్దని అనలేదు కదా?

మీసం లాగించుకున్నవాడు

•

వాటర్లూ
ఫిబ్రవరి

బాబాయ్,

ఆ డిసెంబరు ఉత్తరం నేను రాయలేదు. లాయరు రాశాడు, నేను సంతకం చేశాను. అది ఇంకా సిగ్గుచేటని తెలుసు.

చూశాను. సెలవు రోజున ఆఫీసుకు వెళ్లి రెండు మిషన్లు కలిపి నీ గదినీ నా బోర్డునూ మళ్లీ కట్టాను. బెర్నడెట్ రాసిన పేరు అక్షరం అక్షరం ఎక్కించాను. ఫోల్డరులో ఫైలు పుట్టింది. కళ్ల ముందే ఉంది. బోర్డు పచ్చగా ఉంది.

నీకు అర్థమయ్యేలా రాస్తాను, ఎందుకంటే విచారణలో నువ్వు కూడా చెప్పాల్సి రావచ్చు.

ఫోల్డరులోంచి పేరు అందుకోవాలంటే, ముందే ఒక జాగా తీసి పట్టుకోవాలి. దోసిలి పట్టినట్టు. దాన్ని బఫర్ అంటాం. దోసిలి ఎంత ఉండాలి? నేను మిషన్‌ను అడిగాను, నీలో పేరు ఎంత పొడుగు ఉండగలదు అని. 255 బైట్లు అంది, బైటంటే ఒక గడి అనుకో. పేరు చివర గుర్తుకు ఇంకొకటి కలిపి అంతే తీసి పెట్టాను. అడిగి తీశానన్న గర్వం కూడా ఉంది నాకు. చాలామంది అడగరు.

కానీ నేను అడిగింది నా మిషన్ సొంత డిస్కును. బిళ్ళల ఫోల్డరు ఉన్నది నీ గదిలోని మిషన్‌లో, తీగ మీదుగా అరువు తెచ్చుకున్నది. దాని లెక్క వేరు. అది 255 అక్షరాలు ఒప్పుకుంటుంది, బైట్లు కాదు. నీ 'అందగాడు' పేరులో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే, ఒక్కోదానికి ఒక బైటు. క్రీ అక్షరం ఒక్కొక్కటి నా వైపు వచ్చేసరికి మూడు బైట్లు. నువ్వు ఎంత పొడుగు పేరు పెట్టినా పగలదు, అతను అందులో మూడోవంతు దాటితే చాలు, దోసిలి పొంగిపోతుంది. మనిద్దరం కలిసి పరీక్ష చేశామని నవ్వుకున్నాం, గుర్తుందా? మన అక్షరాలతోనే చేశాం.

ఆ ఫోల్డరును తెరిచాక, తెరిచిన ఆ ఫోల్డరునే అడగాలి, నీలో ఎంత అని. లేదా అసలు నా దోసిలి పట్టకుండా, వ్యవస్థ తన జాగాలో పేరు పెట్టి చూపిస్తే చదువుకోవాలి. రెండు దారులూ అప్పుడే ఉన్నాయి.

ఇంతటితో అయితే ప్రోగ్రాం కుప్పకూలేది, ఎవరైనా చూసేవారు. ఇంకోటి ఉంది. పేరు అడిగిన ప్రతిసారీ మూడు జవాబులు రావచ్చు. ఇదిగో పేరు. ఇక పేర్లు లేవు. పేరుంది కానీ నీ జాగాలో పట్టదు. నేను మొదటిది తప్ప ఏది వచ్చినా 'ఇక లేవు' అనుకునేలా రాశాను. మీ మిషన్ పేర్లను అక్షరక్రమంలో ఇస్తుంది, క్రీ అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల తర్వాత వస్తాయి. అందుకే అతని పేరు ఎప్పుడూ చివర. షిఫ్టంతా మిగతావాళ్లు ఎర్రగా కనిపిస్తూనే ఉన్నారు, అతనొక్కడే లేడు. ఎవరూ గమనించలేదు. అందరూ పైకి వచ్చాక అతనొక్కడే మిగిలాడు. బోర్డు దృష్టిలో ఎవరూ లేరు.

కంపెనీకి చెప్పాను. వారంలో జాగా నాలుగింతలు చేసి, 'చిన్న మెరుగుదలలు' అని రాసి గనులన్నిటికీ పంపేశారు. పెద్దది చేస్తే సరిపోదు, ఇమడలేదన్న జవాబు ఇంకా వినడం లేదు అన్నాను. విచారణ అయ్యాక చూద్దాం, అక్కడ మాత్రం బోర్డు రాసినట్టే పనిచేసిందని చెప్పు అన్నారు. అది అబద్ధం కూడా కాదు చూడు. రాసినట్టే పనిచేసింది.

ఒక సంగతి రాయాలా వద్దా అని రెండు కాగితాలు చించాను. మూడో బిడ్డ పేరు తీసేసి చూశాను బాబాయ్. పేరు ఇమిడింది. బోర్డు ఎర్రగా మారింది.

ఐలా

•

స్పూల్ లేక్
మార్చి

ఐలా,

చదివాను. మీ పిన్ని చేత కూడా ఒకసారి చదివించుకున్నాను, చివరి ముక్క నేను తప్పు చదివానేమోనని.

ఇన్నాళ్లూ చూడు, చూసి చెప్పు అని నీ ప్రాణం తీశాను. ఇప్పుడు చెబుతున్నాను, విచారణకు రావద్దు.

నువ్వు సాక్షి కుర్చీలో కూర్చుంటే ఆ మాట అడగకుండా వదలరు. మీ కంపెనీ లాయరు అడుగుతాడు. బిడ్డ పేరు ఎక్కించకపోతే బతికేవాడా అని. నువ్వు అవునంటావు. నీకు అబద్ధం రాదు, అది మీ అమ్మ పోలిక. ఆ పిల్లకు ఇంకా పళ్లు రాలేదు. తండ్రిని తిన్నదని ఈ ఊరు దాని నెత్తిన రుద్దుతుంది. తాగుబోతు అన్న మాట అయితే కొన్నాళ్లకు పాతబడుతుంది. ఇది ఆ పిల్లతో పాటు పెరుగుతుంది.

నది పేరు తీసేయమన్నాను కదా వాడిని. రోజూ దాని దగ్గరే ఆగిపోతున్నాను. కానీ వాడు ఎందుకు తీస్తాడు? మన 'అందగాడు' తీయమంటే నేను తీసేవాడినా?

నేను చేసింది ఒకటుంది. పాత మేకులు గోడకు మళ్లీ కొట్టాను. అట్ట ముక్కల మీద పేర్లు రాసి తగిలిస్తున్నాను. ఆఫీసువాడు వచ్చి, ఇదేం కొత్త ఆట రీనో అన్నాడు. సుత్తి చేతిలోనే ఉంచుకుని, ఆట కాదు అన్నాను. వెళ్లిపోయాడు. కుర్రాళ్లు ఒక్కరు కూడా నవ్వడం లేదు. అట్ట తగిలించి, పైకి వచ్చి తీసుకుంటున్నారు.

రావద్దు. ఏదైనా రోగం తెచ్చుకో.

బాబాయ్

•

వాటర్లూ
ఏప్రిల్

బాబాయ్,

వస్తున్నాను. కంపెనీకి రాజీనామా ఇచ్చాను. ఇవ్వకపోతే వాళ్లే ఇప్పించేవాళ్లు.

ఈ బోర్డు ఇంకా మూడు గనుల్లో వేలాడుతోంది. మూడింటికీ నా పేరుతో ఉత్తరాలు రాశాను. ఒకళ్లు ఆపేశారు. ఒకళ్లు మా కంపెనీకే ఫిర్యాదు చేశారు. ఇంకొకళ్లు ఉలకలేదు పలకలేదు. అక్కడ కూడా జనం దిగుతున్నారు, ఎవరికో బిడ్డలు పుడతారు. విచారణలో రాతపూర్వకంగా నమోదైతే వాళ్లు ఆపక తప్పదు.

నువ్వు చెప్పింది వారం రోజులు ఆలోచించాను. ఆ పాపను అడ్డం పెట్టుకుని నేను ఇంట్లో కూర్చుంటే, అది పాప కోసం అని నాకు నేను చెప్పుకోగలను. నాకే అనుమానం.

బెర్నడెట్‌కు మాత్రం ముందే చెప్పు. అక్కడ కూర్చుని మొదటిసారి వినకూడదు. నీకు కష్టమని తెలుసు. నేను చెబితే తలుపు తెరవదు.

ఐలా

•

స్పూల్ లేక్
మే

ఐలా తల్లీ,

విచారణ నుంచి ఆఖరి బస్సుకు అలా వెళ్లిపోతావని అనుకోలేదు. మీ పిన్ని చేపల పులుసు చేసి పెట్టుకుంది. నీకు అవతలి వైపు ఏం జరిగిందో తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

ముందే చెప్పమన్నావు. చెప్పాను. మూడుసార్లు ఆ ఇంటి దాకా వెళ్లి తిరిగొచ్చి, నాలుగోసారి చెప్పాను. బెర్నడెట్ గిన్నె తోముతోంది. తోమడం ఆపలేదు. అయిపోయాక గిన్నె బోర్లించి, "సరే, చెప్పమను" అంది. అందుకే విచారణ రోజు ముందు వరుసలో చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నువ్వు ఆవిడ వైపు చూడలేదు. నేను చూశాను.

నువ్వు దోసిలి సంగతి చెబుతుంటే అయిదుగురు జ్యూరీ వాళ్లలో ఆ హార్డ్‌వేర్ కొట్టు ఆవిడ తన రెండు చేతులూ దోసిలి పట్టి చూసుకుంది. నీకు అర్థమైందో లేదో, అప్పుడే గెలిచావు. తర్వాత మీ పాత కంపెనీ లాయరు లేచాడు. నేను అనుకున్నదే అడిగాడు, ఎంతో బాధపడుతున్న గొంతు పెట్టుకుని.

"అంటే, మిస్ కల్లుంకి, ఆ ఉదయం బిడ్డ పేరు చేర్చి ఉండకపోతే, ఆయన ఇవాళ ప్రాణాలతో ఉండేవారు. అవునా కాదా?"

నువ్వు నీళ్లు తాగావు. అవునని అన్నావు. ఆ తర్వాత అన్నది నేను చచ్చేదాకా మరిచిపోను.

"పేరు పొడుగు కాలేదు. నేను ఉంచిన చోటు చిన్నది. ఆయన తప్పుగా ఏమీ రాయలేదు, ఎక్కువగా ఏమీ రాయలేదు. తన పేరు రాసుకున్నారు."

సరిగ్గా అప్పుడే బెర్నడెట్ లేచి బయటికి పోయింది. నువ్వు అది చూసే వెళ్లిపోయావని నాకు తెలుసు. నీ మీద కోపంతో అనుకున్నావు. కాదు. చంటిది ఏడుపు మొదలెట్టింది. పాలకు.

తీర్పు చదివాక నేను పరుగెత్తాను. నా వయసులో పరుగు అంటే చూసేవాళ్లకు వినోదమే, ఎవరూ నవ్వలేదు. కార్లు ఆపే చోట, వాళ్ల బావ ట్రక్కులో తలుపు తీసుకుని కూర్చుని ఉంది. దోమలు ముసురుతూంటే చంటిదాని మీద శాలువా కప్పింది.

"రాసుకున్నారా?" అంది.

"రాసుకున్నారు."

"బిళ్ళ ఆనించే దిగాడని?"

"ఆనించే దిగాడని. తప్పు బోర్డుదని. ఆ బోర్డులన్నీ ఆపాలని కూడా రాశారు."

తల ఊపింది. ట్రక్కు అద్దంలోంచి, విచారణ జరిగిన టౌన్‌హాలు మెట్ల వైపు చూసింది. అక్కడ జనం దిగుతున్నారు, ఇటే చూస్తున్నారు. టెస్సియర్ గోడకు ఆనుకుని నిలబడి ఏడుస్తున్నాడు. ఇన్ని నెలల తర్వాత వాడు వీధిలో కనిపించడం అదే మొదలు.

"మేం ఎల్లుండి తీరానికి వెళ్లిపోతున్నాం," అంది. "నది దగ్గరికి. రీనో, రెండో సంగతి, దీని పేరు సంగతి, దీనికి ఎవ్వరూ చెప్పకూడదు. ముఖ్యంగా నువ్వు. నీ నోటికి తలుపు లేదు."

"పెట్టించుకుంటాను," అన్నాను.

ఏదో ఒక పిచ్చి మాట అనేసి ఆవిణ్ణి నవ్వించాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"పేరు మార్చేద్దామని మా బావ అన్నాడు," అంది. "నేను ఒప్పుకోలేదు. ఆ పేరు మా ఆయన తన నోటితో పిలిచాడు. ఒక్క రాత్రే పిలిచాడు."

ట్రక్కు వెళ్లిపోయింది.

నీ మూడో గనికి, మరణ విచారణ జరిపించే కరోనర్ ఆఫీసు నుంచి కాగితం వెళ్లిందట. నువ్వు చేసింది సరైనదే. నేను రావద్దన్నది కూడా తప్పు కాదు. రెండూ ఎలా నిజమవుతాయో నా చదువుకు అందదు.

నిన్నటి పేపరు సంగతి కూడా చెప్పాలి. కొట్టులో కట్ట విప్పగానే చూశాను. మొదటి పేజీలో నీ మాట ఉంది, పెద్ద అక్షరాల్లో, సగమే. మొదటి సగం. అవును అన్నది. పక్కన పిల్ల పేరు పూర్తిగా వేశారు, ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరైనా చదువుకునేలా. నా డబ్బుతో అక్కడున్నవన్నీ కొనేసి పొయ్యిలో పెట్టాను. తర్వాత తెలిసింది, పక్క ఊళ్లకు కూడా వెళ్లిందట. తీరానికి వెళ్లే రైల్లో కూడా వేస్తారట.

ఆ పిల్లకు చదవడం రావడానికి ఇంకా అయిదారేళ్లు పడుతుంది.

నీ బాబాయ్
రీనో